మబ్బు అంచు చూపిన దస్తగిరన్న

నన్ను కన్న తల్లి సాక్షిగా, నాకు అన్నం పెడుతున్న ఈ ఇసుక నేల సాక్షిగా ప్రమాణం చేసి చెబుతున్నాను: ఈ వ్యాసంలోని ప్రతి అక్షరమూ సత్యం. ఇక్కడ కువైట్‌లో, మా ఖైతాన్ పేటలో నన్ను ఎరిగినవాళ్ళు ఈ మొదటి వాక్యం దగ్గరే పడిపడి నవ్వుతారని తెలుసు. జహ్రా దారిలో ఒంటె ఒకటి నా వ్యానుకు అడ్డం నిలిచి, రాయచోటి బస్సు ఎన్ని గంటలకని అడిగిందని చెప్పినవాణ్ణి నేనే కదా. నవ్వండి. నవ్వు అయిపోయాక కాస్త కుదురుగా కూర్చుని చదవండి. మన సంఘం వ్రాతపత్రికలో ఇన్నాళ్ళూ నవ్వుల పేజీ రాసిన చేతితోనే ఈ పేజీ రాస్తున్నాను.

షేక్ దస్తగిరి అన్న ఇక లేడు. పోయిన శుక్రవారం జుమ్మా నమాజు అయిన కాసేపటికి, షుఐబా నుంచి తీసుకెళ్ళి చేర్చిన ఆస్పత్రిలో, ఆ పుణ్యాత్ముడి ఊపిరి ఆగిపోయింది. టేపు రికార్డరు చంకలో పెట్టుకుని నేను వార్డు గుమ్మం దాటేసరికి మంచం ఖాళీగా ఉంది. దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది. పక్క మంచం మీది బంగ్లాదేశ్ కూలీ నావైపు చూసి, "ఖలాస్, భాయీ" అన్నాడు. పిడుగు శబ్దం లేకుండా కూడా పడుతుందని నాకు ఆ రోజే తెలిసింది. మాటలే బతుకుగా బతికిన నాకు, రికార్డరు కింద పెట్టాలా వద్దా అన్నది కూడా తోచలేదు.

అన్నది రాయచోటి. పెళ్ళిళ్ళకు పెట్రోమాక్స్ లైట్లు బాడుగకిచ్చే అంగడిలో గాజులు తుడుస్తూ పెరిగాడు. గాజు తప్ప ఆయన చేతికి మరో విద్య రాలేదు, అక్కరా పడలేదు. డెబ్బైల చివర్లో కువైట్ చేరి, జహ్రా దాటాక ఎడారి అంచున ఎండను కొలిచే ఒక కేంద్రంలో ఫర్రాష్‌గా కుదిరాడు. ఫర్రాష్ అంటే ఊడ్చేవాడు, తుడిచేవాడు, చాయ్ అందించేవాడు. ఆ కేంద్రం వ్యానుకు డ్రైవర్ని నేను. ఇద్దరమూ ఖైతాన్‌లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఒకే ప్రాంతం వాళ్ళం కనుక ఆయన నాకు అన్న, నేను ఆయనకు "ఒరే సుబ్బా."

ఆ కేంద్రంలో రెండు పరికరాలు ముఖ్యమైనవి. ఒకటి సూర్యుడి వెంటే తిరిగే గొట్టం. దాని కొసన బిళ్ళంత గాజు. నేరుగా వచ్చే ఎండ ఎంతో అది చెబుతుంది. రెండోది బోర్లించిన గాజు గిన్నె. దానిమీద ఎప్పుడూ ఒక పట్టీ నీడ పడుతూ ఉంటుంది కనుక నేరుగా వచ్చే ఎండ తగలదు. ఆకాశం నలుమూలల నుంచీ చెదిరి వచ్చే వెలుగు ఎంతో అది చెబుతుంది. ఈ రెండు గాజులనూ ప్రతి ఉదయం నిర్మలంగా ఉంచడమే దస్తగిరన్న ఉద్యోగం.

ఆ తుడవడం చూసినవాడు మరో తుడుపును తుడుపు అనడు. మొదట మెత్తని కుంచెతో ఇసుక దులిపేవాడు. తర్వాత నాలుగు నీటి చుక్కలు. ఆపైన గాజుకు నోరు దగ్గరపెట్టి "హా" అని ఊపిరి. ఆఖరున గుడ్డ. ఆ గుడ్డ ఊరి నుంచి నూర్జహాన్ వదిన పంపే పాత వాయిల్ చీర ముక్క. సెలవు మీద వెళ్ళొచ్చే ప్రతివాడి పెట్టెలోనూ పచ్చడి సీసా పక్కన ఆ ముక్కలు చతురస్రాలుగా మడతపెట్టి వచ్చేవి. కొత్త గుడ్డ గాజును గీకుతుందని, వందసార్లు ఉతికిన వాయిలే దానికి సరైన తోడని ఆయన సిద్ధాంతం. "గాజు తుడిచినోడి పనేందిరా? గాజు కనపడకుండా పోవడం. నా పని బాగుంటే నా పని నీకు కనపడదు" అనేవాడు. ఒకసారి పావురం ఒకటి ఆ గిన్నెలోకి దిగబోయి, గాజుకు ముక్కు గుద్దుకుని, అవమానంతో మూడు రోజులు అక్కడే కూర్చుండిపోయింది. ప్రమాణం చేశానుగా.

ఇంటికి ఉత్తరాలు రాయడు. నెలకో క్యాసెట్టు మాట్లాడి పంపేవాడు. గదిలో మేమంతా ఉన్నా సిగ్గుపడడు. "నూర్జహాన్, బాగుండావా? నేనీడ ఎండకి దోవ తుడుస్తాండా. నీ నీలం చీర శానా బాగా పని చేస్తాంది" అని మొదలుపెట్టేవాడు. రాయచోటిలో ఆ క్యాసెట్టు వినడానికి వీధి వీధంతా వచ్చేదట. ఎండకు దోవ తుడిచే మొగుడున్న ఆడమనిషిగా వదినకు ఊళ్ళో ఒక మర్యాద ఉండేది.

ఆయన ప్రజ్ఞను నేను చూసిన ఉదయం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. గాలి సముద్రం వైపు నుంచి తిరిగింది. ఆకాశంలో చిన్న చిన్న తెల్ల మబ్బులు, ఎత్తు లేనివి, వాన లేనివి, ఏకిన దూది గాలికి చెదిరినట్టు. దక్షిణాన వేడి సముద్రాల మీద ఇలాంటివి మందలు మందలుగా ఉంటాయని, మనవైపు దారి తప్పి వస్తాయని మా ముదీర్, అంటే కేంద్రానికి పెద్ద, ఒకసారి చెప్పాడు.

"సుబ్బా, ఆ మబ్బు యాడికి అయిపోతాదో వేలు పెట్టి సూపీ" అన్నాడు అన్న.

"అదో, ఆ తెల్లంచు కాడికి."

"దాని పక్కన ఏముండాది?"

"ఏముంటాదన్నా, ఉత్త ఆకాశం."

"ఉత్తదా?" అని నవ్వి, వ్యాను ముందద్దానికి నోరు దగ్గరపెట్టి "హా" అని ఊదాడు. తెల్లని మసక రొట్టెంత పరుచుకుంది. "ఇది మబ్బు అనుకో. ఇప్పుడు దీని పక్కన, ఉత్త గాజు అని నువ్వనుకుండే కాడ, వేలితో గీయి."

గీశాను. ఏమీ లేదనుకున్న చోట వేలి జాడ తడిగా తేలింది.

"సూసినావా? మబ్బు అయిపోయిన కాడ తేమ అయిపోలేదురా. గాల్లో దుమ్ము ఎప్పుడూ ఉంటాది. దూరంగా ఉండే దుమ్ము ఎండుకొని సన్నంగా ఉంటాది. మబ్బు పక్కన దుమ్ము నీళ్ళు తాగి లావెక్కుతాది. ఎండ దానికి తగిలి పక్కలకి చెదురుతాది. గొట్టానికి రావాల్సింది తగ్గుతాది, ఆ తగ్గిందాంట్లో కొంత గిన్నెకి పోతాది. నీ కంటికి ఉత్తది. ఎండకి ఉత్తది కాదు."

"అన్నా, నిన్ను ముదీర్‌ని చేయాల."

"చేస్తే గాజు ఎవుడు తుడుస్తాడ్రా, నీ ఒంటె తుడుస్తాదా?"

అంతటితో ఆగలేదు. పొద్దు వాలాక మా మిద్దె మీద ఒట్టి సిమెంటుపై అరచెయ్యి ఆనించి, "ఈ పొద్దు మబ్బులుండె కదా, ఇది తొందరగా సల్లబడదు చూడు. ఆ తేమ గాలి నేల వేడిని పైకి పోనీదు, పట్టి మళ్ళా కిందికే తోస్తాది" అనేవాడు. సల్లబడేది కాదు. రిజిస్టరులో రాసే అధికారం ఫర్రాష్‌కు లేదు. అందుకని కుంచెలు పెట్టే బీరువా తలుపు లోపలివైపు సుద్దముక్కతో గీతలు గీసుకునేవాడు. చిన్న మబ్బులున్న రోజున గొట్టానికి కిందికొక గీత, గిన్నెకు పైకొక గీత. రెండేళ్ళలో ఆ తలుపు నిండిపోయింది. ఒక్కరోజు కూడా గీతలు తారుమారు కాలేదు.

ఇక నా పాపం చెప్పాలి. ఒకనాడు చాయ్ దగ్గర ముదీర్ మంచి ఉత్సాహం మీద ఉన్నాడు. నాకు నోరు ఊరుకోదు. "సార్, మా దస్తగిరి మాంసం కూర తిన్న చేత్తో గాజు తుడుస్తాడు. అందుకే మీ సూర్యుడు మధ్యాహ్నానికి మసాలా వాసన కొడతాడు" అన్నాను. ముదీర్ కడుపు పట్టుకుని నవ్వాడు. అందరికంటే గట్టిగా దస్తగిరన్నే నవ్వాడు. "వీని నోట్లో పుట్టింటే నేనూ నవాబుగా పుట్టింటా" అన్నాడు.

ఆ శరదృతువులో చిన్న మబ్బుల రోజులు ఎక్కువ వచ్చాయి. నెలాఖరున ముదీర్ మా ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. బల్ల మీద కాగితాలు పరిచి, గొట్టం గీత దిగిన చోటల్లా ఎర్ర సున్నాలు చుట్టి ఉన్నాడు. "మూ నదీఫ్" అన్నాడు. గాజు మైలగా ఉందని. ఆయన ఇంగ్లీషును తెలుగులోకి, అన్న తెలుగును నాకొచ్చిన హిందీ ఇంగ్లీషుల్లోకి మార్చేవాణ్ణి నేనే.

"సూర్యుడికి అడ్డంగా మబ్బు లేదు. రిజిస్టరులో ఆకాశం నిర్మలం అని ఉంది. అయినా ఎండ తగ్గింది. గాజు తుడవలేదు, అంతే" అన్నాడు ముదీర్.

దస్తగిరన్న నిదానంగా చెప్పాడు. "సార్‌కి సెప్పు సుబ్బా. గాజు మైలైతే రెండూ దిగాల. గొట్టం దిగింది, గిన్నె ఎక్కింది. మైల ఒక గాజుని దించి ఇంగో గాజుని ఎక్కిస్తాదా? అది గాజుది కాదు, మబ్బు పక్కన గాలిది. బీరువా తలుపు సూడమను."

ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట మింగకుండా చెప్పాను. ముదీర్ బీరువా దాకా లేచి రాలేదు. "గాలిలో ఏమీ లేదు. ఉంటే రిజిస్టరులో ఉండేది" అన్నాడు. కంటికి కనబడలేదు కనుక రిజిస్టరులోకి ఎక్కలేదు. రిజిస్టరులో లేదు కనుక ఆకాశంలోనూ లేదు. చదువుకున్న మనిషే, చెడ్డవాడూ కాదు. కాని ఆ రెండు వాక్యాల మధ్య నుంచి బయటికి రాలేకపోయాడు.

తర్వాత నావైపు తిరిగాడు. "కూర చేత్తో తుడుస్తాడని నువ్వే అన్నావు కదా."

"అది నవ్వుకోను అన్న మాట సార్."

"సరే. ఈ ఎర్ర సున్నాల రోజుల్లో వీడు గాజు తుడవడం నువ్వు చూశావా? అవునా, కాదా?"

నేను చూడలేదు. వ్యాను నీడలో సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుని ఉండేవాణ్ణి. కాని ఆయన తుడిచాడని నాకు తెలుసు, పొద్దు పొడుస్తుందని తెలిసినట్టు. "చూశాను సార్" అంటే సరిపోయేది. ఒంటెల చేత తెలుగు మాట్లాడించినవాణ్ణి, పావురానికి రోషం తెప్పించినవాణ్ణి, ఆ రెండు మాటలు అనలేకపోయాను. ఆ నెలలోనే నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, కొత్తది వేయించాలి. ముదీర్ కళ్ళలోకి చూసేసరికి భయం పట్టుకుంది. "చూడలేదు సార్" అన్నాను. నా జన్మలో నేను సూటిగా చెప్పిన నిజం అదొక్కటే. అది ఒక మనిషి మెడకు చుట్టుకుంది.

ఆ సాయంత్రమే అన్న లెక్క తేల్చేశారు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఆయన్ను షుఐబాలో ఒక కర్మాగారంలో గొట్టాల మీది తుప్పు గీకే ముఠాలో వేశాడు. వేసవిలో సముద్రం పక్కన ఆ ఉక్క ఎలాంటిదో పడ్డవాళ్ళకే తెలుసు. చెమట పోస్తుంది, ఆరదు. ఒంటి వేడికి బయటికి పోయే దారి ఉండదు. నేను చూడబోతే, పెదవులు తెల్లబడి ఉండి కూడా నవ్వాడు. "ఇప్పుడు నేనే మబ్బు పక్కన ఉండానురా సుబ్బా. నువ్వే వేలితో గీయి, తడి తేలుతాదో లేదో" అన్నాడు.

ఆయనకు కష్టం గురించి బాధ లేదు. బాధంతా రాయచోటిలో మాట గురించి. ఈ కబురు మనకంటే ముందే ఊరు చేరింది. "ఎండకి దోవ తుడిచేవాడు గాజు ముక్క తుడవలేక ఉద్యోగం పోగొట్టుకున్నాడంట" అని వీధిలో నవ్వారట. వదిన కొళాయి దగ్గరికి వెళ్ళడం మానేసిందట. ఆ రోజు నుంచి ఆయన క్యాసెట్టు పంపలేదు. "ముదీర్ కాడ ఒక్క కాయితం తెప్పీరా. గాజు శుభ్రంగా ఉండె అని ఒక్క వరస. అది చేతికొచ్చినాక నూర్జహాన్‌తో మాట్లాడతా. ఉత్త నోటితో ఏమని మాట్లాడేది?" అనేవాడు. నా మీద నిష్ఠూరం ఒక్కటైనా ఆడి ఉంటే నాకు ఇంత బరువుండేది కాదు. "నువ్వు సూడలేదు, సూడలేదన్నావు. దాంట్లో తప్పేముండాది?" అన్నాడు ఒకసారి. ఆ మాట నేను బతికినన్నాళ్ళూ నమలాలి.

మరుసటి శరత్తులో మళ్ళీ ఆ మబ్బులు వచ్చాయి. కొత్త ఫర్రాష్ గాజు తుడిచాడు. గొట్టం గీత దిగింది. ముదీర్ మండిపడి, తానే చొక్కా చేతులు మడిచి, నా కళ్ళెదుట స్వయంగా తుడిచాడు. అయినా దిగింది. గిన్నె గీత ఎక్కింది. అచ్చం బీరువా తలుపు మీద ఉన్నట్టే. ఆయన చాలాసేపు ఆకాశం వైపు చూశాడు. నేను బీరువా దగ్గరికి పరుగెత్తి తలుపు తెరిచాను. కొత్త ఫర్రాష్ మహా శుభ్రత గలవాడు. ఆ తలుపును కూడా తడిగుడ్డతో మెరిసేలా తుడిచి పెట్టాడు.

ఇది మాత్రం వదినగారు శ్రద్ధగా వినాలి. ఆ ఉక్క పనికి ఒళ్ళు చెడి ఆస్పత్రిలో చేరిన అన్నను చూడడానికి, పోయిన బుధవారం ముదీర్ నా వ్యానులోనే వచ్చాడు. దస్తగిరన్న మంచం పక్కన నిలబడి, సంతకమూ ముద్రా ఉన్న కాగితం ఆయన చేతిలో పెట్టాడు. "గాజు శుభ్రంగా ఉంది. తప్పు నా కంటిది" అని నోటితో కూడా అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. అన్న ఆ కాగితాన్ని వెలుగుకు పట్టి అటూ ఇటూ తిప్పి, "ముద్ర కాడ కొంచెం మసక ఉండాది, తుడవమందామా?" అన్నాడు. ముదీర్ నవ్వాడు. వెళ్ళేటప్పుడు అన్న భుజం మీద చెయ్యి వేశాడు. "సుబ్బా, టేపు తెచ్చి పెట్రా. నూర్జహాన్‌తో మాట్లాడాల. నీలం చీర ముక్క ఇంగా ఒకటి మిగిలిందని సెప్పాల" అన్నాడు అన్న. శుక్రవారం తెస్తానన్నాను. తెచ్చాను. ఆ కాగితం కఫన్ గుడ్డ మడతలో ఆయనతో పాటు మట్టిలోకి వెళ్ళింది. ఆయన ప్రశాంతంగా వెళ్ళాడు వదినా.

దస్తగిరన్నా, ఖనన సమయంలో నీ మీద చిన్న తెల్ల మబ్బులు నాలుగు ఉన్నాయి. అందరూ వాటినే చూశారు. నేను వాటి పక్కన చూశాను. నీకు తెలిసినది తెలిసినవాడు ఈ ఎడారిలో ఇక ఒక్కడూ లేడు. మా కళ్ళకు అంచు దాకానే చూపు. అంచు దాటి చూసిన కళ్ళు నీతోనే మూతపడ్డాయి. ఇదే నా నమస్సు.

ఈ పత్రిక రాయచోటిలో నూర్జహాన్ వదినకు చదివి వినిపిస్తున్న నాయనా, ఇక్కడితో ఆపు. కాగితం మడిచి జేబులో పెట్టుకో. కింద ఉన్నది ఆమెకు కాదు.

మిగిలినవాళ్ళకు చెబుతున్నాను. మీరు పావురం దగ్గర అనుమానపడి ఉంటారు. పావురం నిజంగానే గుద్దుకుంది, రోజులు కొంచెం పెంచాను. నేను కల్పించింది బుధవారం. ముదీర్ రాలేదు. కాగితం లేదు. తానే గాజు తుడిచి చూసుకున్న రోజున ఆయన కాళ్ళ మీద పడినంత పని చేసి ఒక్క వరస రాసివ్వమన్నాను. ఆ మబ్బుల రోజులన్నిటినీ రిజిస్టరులోంచి కొట్టేస్తూ, "పాత ఫైలు మూసేశాం. ఖలాస్" అన్నాడు. అంతే. దస్తగిరన్నకు మాత్రం కాగితం వస్తుంది, వస్తుంది అని ఎన్ని తడవలు చెప్పానో నాకే గుర్తు లేదు.

ఆ బుధవారం కథను నేను గురువారమంతా కూర్చుని తయారుచేశాను. ముదీర్ ముందు చెప్పలేని అబద్ధాన్ని ఇప్పుడైనా చెబుదామని, కాగితం వచ్చింది, దారిలో ఉంది, నువ్వు ముందు వదినతో మాట్లాడు అందామని, రికార్డరు పట్టుకుని శుక్రవారం బయలుదేరాను. నా జీవితంలో అంత శ్రద్ధగా కట్టిన కథ ఇంకొకటి లేదు. వినవలసినవాడు వినకుండా పోయాడు. అందుకే ముదీర్‌ను మంచం పక్కకు కూడా తెచ్చి, దాన్ని మీకు చెప్పాను.

క్యాసెట్టు ఖాళీగా నా దగ్గరే ఉంది. ఆయన సంచిలో దొరికిన నీలం వాయిల్ ముక్క కూడా. గాజు మాత్రం శుభ్రంగానే ఉండింది. అది నేను కల్పించింది కాదు.